చేప మొప్పలలోని కొక్కెపు పురుగులు

చెఱువు లేని యూరు మన సీమలో అరుదు. కలికిరి, వాయల్పాడు, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములన్నియు మెట్టభూములే. ఏడాది పొడవునను పాఱెడి యేఱు లిచ్చట లేవు. వానలు కురిసి, వంకలు పొంగి, చెఱువులు నిండవలెను. ఆ నీటితోనే వరిమళ్లు తడియవలెను. పశువులు దప్పి తీర్చుకొనవలెను. ఆయకట్టు బావులలో ఊట నిలువవలెను. ఆ నీటియందే చేపలును పెరుగుచున్నవి. కట్టమీద నిలిచి చూచువారికి కొంగలు, తామరాకులు, బెస్తల వలలు కనబడును. కాని ఆ చేపల మొప్పలలో మఱియొక ప్రపంచ మున్నదని తెలిసినవారు మిక్కిలి తక్కువ. ఆ ప్రపంచమునందలి ముఖ్యనివాసులు కొక్కెములు గల చిన్న చదును పురుగులు. వాని స్వరూపమును, జీవితమును, వానివలన కలుగు కీడును, ఆ కీడును తొలగించు మార్గమును ఈ వ్యాసమున వివరింతుము.

ఇంత చిన్న పురుగును గూర్చి చదువుటవలన ప్రయోజన మేమని కొందఱు శంకింపవచ్చును. చెఱువులో చేపలు చచ్చి తేలిననాడు ఊరిలో మొదట పుట్టునది పుకారు. ఎవరో విషము కలిపిరని ఒకరు, నీటికి దోషము పట్టెనని మఱియొకరు అందురు. నిజమైన కారణము తెలియనిచో నిరపరాధిపై నింద పడును. మందు వలసిన చోట తగవు పెరుగును. మఱుసటి యేడు అదే నష్టము మరల సంభవించును. కనుక కారణము తెలిసికొనుట ధనమునకును, ఊరి నెమ్మదికిని కూడ మేలు.

1. మొప్ప యనగా నేమి?

మనము గాలిలోని ప్రాణవాయువును ఊపిరితిత్తులతో గ్రహించునట్లు చేప నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో గ్రహించును. చేప నోటితో నీరు త్రాగుచున్నట్లు కనబడును గాని, ఆ నీటిలో అధికభాగము కడుపులోనికి పోదు. మొప్పలమీదుగా ప్రవహించి మొప్పమూతల వెనుకనుండి వెలికి వచ్చును. మూత నెత్తి చూచినచో ఒక్కొక్క ప్రక్కను నాలుగేసి వంపుటెముకలు, వానికి దువ్వెన పండ్లవలె రెండేసి వరుసల ఎఱ్ఱని పోగులు అగపడును. ఒక్కొక్క పోగునకు మిక్కిలి పలుచని రేకులు అడ్డముగా అమరియుండును. ఆ రేకులలో రక్తము ప్రవహించుచుండును. రక్తమునకును నీటికిని నడుమ నుండు చర్మము అతిసూక్ష్మమగుటచేతనే ప్రాణవాయువు సులభముగా లోనికి చొచ్చును.

ఇచ్చట ఒక లెక్క గుర్తుంచుకొనవలెను. గాలిలో నూటికి సుమారు 21 పాళ్లు ప్రాణవాయువు కలదు. నీటిలో కరగెడునది అత్యల్పము. 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి గల లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే నిలువగలదు. అనగా నీరు వేడెక్కినకొలది చేపకు ఊపిరి కొఱత యగును. అట్టి వేసవిలోనే మొప్పల రేకులు చెడినచో చేప గతి యేమి? ఈ ప్రశ్న మనస్సున నుంచుకొని ముందునకు సాగుదము.

2. పురుగు బంధువర్గము

చదును పురుగులు అనేక విధములు. కొన్ని మంచినీటి రాళ్లక్రింద స్వేచ్ఛగా బ్రదుకును. కొన్ని జంతువుల ప్రేవులలో నుండు బద్దెపురుగులు. కొన్ని గొఱ్ఱెల కార్జమున జేరు జలగలవంటి పురుగులు. ఈ కడపటి వానిని మన గొఱ్ఱెలకాపరు లెఱుగుదురు. గొఱ్ఱె కార్జపు పురుగు గ్రుడ్డునుండి వెడలిన పిల్ల తిన్నగా గొఱ్ఱెను చేరజాలదు. అది మొదట నత్తలో ప్రవేశించి, అచ్చట రూపములు మార్చుకొని వృద్ధియై, పిమ్మట గడ్డినంటి గొఱ్ఱె కడుపున ప్రవేశించును. ఇట్లు దానికి రెండు జంతువు లవసరము.

చేప మొప్పలలోని పురుగున కట్టి నడిమి మజిలీ లేదు. చేపనుండి చేపకే పోవును. ఈ భేదమును గుర్తించి 1858వ సంవత్సరమున బెల్జియము దేశపు జంతుశాస్త్రవేత్త వాన్ బెనెడెన్ ఒకే జంతువుతో జీవితము గడుపు వానిని ‘మోనోజెనియా’ తెగగాను, ఒకటికంటె నెక్కువ జంతువులను మార్చు వానిని ‘డైజెనియా’ తెగగాను విభజించెను. మన కొక్కెపు పురుగులు మొదటి తెగలోనివి. నడుమ నత్త లేకపోవుటవలన వ్యాధి వ్యాపించు మార్గము కుఱుచ యగుచున్నది. కుఱుచ మార్గమే త్వరిత వ్యాప్తికి మూలము.

3. డాక్టిలోజైరస్ స్వరూపము

ఈ తెగయందు బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు, పరిగె మొదలగు చేపల కుటుంబము నాశ్రయించు ముఖ్యమైన ప్రజాతి పేరు డాక్టిలోజైరస్. గ్రీకు భాషలో డాక్టిలోస్ అనగా వ్రేలు, గైరోస్ అనగా వలయము. ఈ పేరును వియన్నా నగరమున పనిచేసిన డీసింగు అను పండితుడు 1850లో ఉంచెను. నేటికి ఈ ఒక్క ప్రజాతియందే 900కు పైగా జాతులు వర్ణింపబడినవి. పరాన్నభుక్కులగు పురుగులలో ఇంత పెద్ద ప్రజాతులు మిక్కిలి తక్కువ.

దీని పొడవు సాధారణముగా 1 మిల్లీమీటరునకు మించదు. కొన్ని జాతులు మాత్రము అంతకంటె కొంచెము పెరుగును. మెత్తని, తెల్లని, పలుచని శరీరము. తల ముందుభాగమున నాలుగు చిన్న తమ్మెలు కలవు. వానినుండి బంకవంటి పదార్థము స్రవించును. తలపై నాలుగు నల్లని కన్నుచుక్కలు రెండు జతలుగా నుండును. వానికి రూపములు కనబడవు. వెలుగును చీకటిని మాత్రము తెలియును. నోటి వెనుక బలమైన గొంతుక, దాని వెనుక రెండు పాయలుగా చీలి తోకవైపున మరల కలిసికొను ప్రేవు కలవు.

అయినను దీని విశేష మంతయు వెనుకటి కొసయందే కలదు. అచ్చట పళ్లెమువంటి యొక పట్టు అవయవము కలదు. దాని నడుమ పెద్ద కొక్కెములు ఒక జత. ఆ రెండింటిని కలుపు దూలమువంటి కడ్డీ. పళ్లెపు అంచున 14 చిన్న కొక్కెములు. ఈ కొక్కెములు మన గోళ్లవలె గట్టి పదార్థముతో నేర్పడినవి. మొప్పమీదుగా నీటి ప్రవాహము రేయింబవళ్లు సాగుచునే యుండును గదా! పట్టు లేనిచో పురుగు క్షణములో కొట్టుకొనిపోవును. కనుక అది కొక్కెములను మొప్పపోగులో దిగగ్రుచ్చి లంగరు వేసిన పడవవలె నిలుచును. తావు మార్చుకొనదలచినపుడు తలను బంకతో అంటించి, వెనుకటి పట్టును విడిచి, ముందునకు లాగికొని, జలగవలె నడచును.

దీని యాహారము మొప్పల పైపొర, జిగురు, కొంత రక్తము. ఒక్క పురుగు తిను తిండి చేపకు లెక్కలోనిది కాదు. కాని కొక్కెములు గ్రుచ్చిన ప్రతిచోట గాయమగును. గాయమును కాపాడుకొనుటకై చేప అధికముగా జిగురు స్రవింపజేయును; మొప్పపొర దట్టమై పోగులు ఒకదానితో నొకటి అతుకుకొనును. అప్పుడు రక్తమునకును నీటికిని నడుమ పలుచని చర్మమునకు బదులు మందమైన గోడ యేర్పడును. చేప తన్ను రక్షించుకొనుటకు చేసిన యత్నమే దాని ఊపిరికి అడ్డమగుచున్నది.

4. గ్రుడ్డునుండి పురుగువఱకు

ప్రతి పురుగునందును స్త్రీపురుషాంగములు రెండును కలవు. అయినను సాధారణముగా రెండు పురుగులు కలిసికొనియే సంతానము కనును. గ్రుడ్లు ఒక్కొక్కటిగా విడువబడును. ప్రతి గ్రుడ్డునకు చిన్న కాడ యుండును. గ్రుడ్లలో కొన్ని జిగురులో చిక్కుకొని మొప్పలోనే యుండును. తక్కినవి నీటితో వెలువడి చెఱువు అడుగున చేరును.

గ్రుడ్డు పొదుగబడు కాలము నీటి వేడిమిననుసరించి మాఱును. వెచ్చని నీటియందు కొలదిదినములలోనే పిల్ల వెడలును. చల్లని నీటియందు వారములు పట్టును. పిల్లకు దేహముపై నూగువంటి సన్నని కేశములు, నాలుగు కన్నుచుక్కలు, చిన్న కొక్కెములు ఉండును. కేశములను ఆడించుచు నీదును. దానికి తిండి తిను అవకాశము లేదు. తల్లి గ్రుడ్డులో నుంచిన బలమే ఆధారము. ఇంచుమించు ఒక దినములోపల తగిన చేప దొరకనిచో నశించును. దొరికినచో దేహమునకో మొప్పకో అంటుకొని, ఈత కేశములను రాల్చివేసి, మొప్పలలో స్థిరపడి పెరుగును. వెచ్చని కాలమున వారము పదిదినములలో తానును గ్రుడ్లు పెట్టనారంభించును.

ఇప్పుడొక లెక్క వేయుదము. ఇది వ్యాప్తి తీరు తెలియుటకై ఊహించిన లెక్కయే గాని కొలిచి చూచినది కాదు. ఒక చేపపై 10 పురుగులు కలవనుకొందము. ఒక్కొక్కటి దినమునకు 10 చొప్పున 10 దినములు గ్రుడ్లు పెట్టినచో 1,000 గ్రుడ్లగును. చెఱువు నిండుగా నుండి చేపలు దూరదూరముగా తిరుగుచున్నపుడు నూటికి 5 పిల్లలకు మాత్రమే చేప దొరికినదనుకొన్నచో మఱుతరమున 50 పురుగులు. నీరు తగ్గి చేపలు ఒత్తుగా నున్నపుడు నూటికి 20 పిల్లలకు చేప దొరికినచో 200 పురుగులు. మూడు తరములు గడచువఱకు మొదటి చెఱువులో 10 పురుగులు 1,250 అగును; రెండవ చెఱువులో 80,000 అగును. రెండుచోట్లను పురుగు ఒకటే, చేప ఒకటే. మాఱినది నీటి పరిమాణము మాత్రమే. మన చెఱువుల కథ యంతయు ఈ లెక్కలో ఇమిడియున్నది.

5. ఇద్దఱు వింత జ్ఞాతులు

డాక్టిలోజైరస్‌కు జ్ఞాతులనదగిన రెండు పురుగులను ఫిన్లండు దేశమున జన్మించిన నార్డ్‌మన్ అను పండితుడు 1832లో లోకమునకు తెలిపెను. అవి రెండును వింతలే.

మొదటిది గైరోడాక్టిలస్. పేరులోని రెండు మాటలును తాఱుమాఱైనవి గాన విద్యార్థులు పొరబడుదురు. గుర్తించు విధము సులభము. డాక్టిలోజైరస్ తలకు నాలుగు తమ్మెలు, నాలుగు కన్నుచుక్కలు. గైరోడాక్టిలస్ తలకు రెండే తమ్మెలు, కన్నులు లేవు. దాని పట్టు అంచున 14 కొక్కెములు, దీనికి 16. అది ముఖ్యముగా మొప్పలలో నుండును. ఇది దేహముపైనను రెక్కలపైనను కూడ నుండును. అది గ్రుడ్లు పెట్టును. ఇది పిల్లను కనును. దీని గర్భమందలి పిల్లలో మఱియొక పిల్ల, కొన్నియెడల ఆ పిల్లలో ఇంకొకటియు ఏర్పడియుండును. భరిణెలో భరిణె, దానిలో మఱియొక భరిణె అమర్చినట్లు తల్లి, బిడ్డ, మనుమరాలు ఒకే దేహమున కనబడును. పుట్టిన పిల్ల ఇంచుమించు తల్లియంత పరిమాణము కలిగి వెంటనే చేపను పట్టుకొనును. ఈదెడు దశ దీనికి లేదు. చేపకు చేప తగిలినపుడు ఒకదానినుండి మఱియొకదానికి ప్రాకును. కనుక చేపలు ఒత్తుగానున్న తొట్టెలలో ఇది మిక్కిలి త్వరగా వ్యాపించును.

రెండవది డిప్లోజూన్, జంటప్రాణి యని దీని పేరునకు అర్థము. చిన్నతనమున ఇది ఒంటరిగా మొప్పలలో నుండును. ఆ ఒంటరి పురుగును వేఱొక ప్రాణియని తలచి దుజార్డెన్ అను ఫ్రెంచి పండితుడు 1845లో దానికి డిపోర్పా యని పేరు పెట్టెను. తరువాత 1851లో జర్మను పండితుడగు సీబోల్డు అది డిప్లోజూన్ పిల్లయే యని స్థాపించెను. ఈ పిల్లకు పొట్టమీద ఒక పీల్చుగిన్నె, వీపుమీద ఒక బొడిపె కలవు. రెండు పిల్లలు కలిసికొన్నపుడు ఒకదాని గిన్నె రెండవదాని బొడిపెను పట్టుకొనును. పిమ్మట రెండు దేహములును నడుమ అతుకుకొని పెద్ద గుణకారపు గుర్తువలె ఏకమగును. అటుపిమ్మట అవి విడిపోవు. జత దొరకని పిల్ల ఎన్నడును పెద్దది కాదు, సంతానము కనదు.

6. ఏ చేపకు ఆ పురుగు

ఈ పురుగుల మఱియొక లక్షణము గమనింపదగినది. ఒక జాతి పురుగు సాధారణముగా ఒక జాతి చేపను గాని, మిక్కిలి దగ్గఱి చుట్టములైన కొన్ని చేపలను గాని ఆశ్రయించును. బొచ్చె మొప్పలలోని డాక్టిలోజైరస్ వాలుగను గాని కొఱమీనును గాని పట్టదు. వాలుగకు వేఱు పురుగులు కలవు. వానిలో ముఖ్యమైన ప్రజాతి థాపరోక్లీడస్. దీనిని వాలుగ మొప్పలనుండి గైకొని 1952లో జైన్ అను శాస్త్రవేత్త వర్ణించి, లక్నో విశ్వవిద్యాలయమున పురుగుల శాస్త్రమును వృద్ధిచేసిన థాపర్ పండితుని పేర దానికి నామకరణము చేసెను. 1959లో త్రిపాఠీ యను శాస్త్రవేత్త భారతదేశపు చేపలపైనుండు ఈ తెగ పురుగులను గూర్చి పెద్ద వ్యాసము ప్రకటించెను. 1976లో లెనిన్‌గ్రాడు నగరపు గూసెఫ్ భారతదేశపు మంచినీటి చేపల పురుగులను గూర్చి విపులమైన గ్రంథము వెలువరించెను. ఈ ముగ్గురి కృషియు మన దేశమున ఈ విద్యకు పునాదివంటిది.

పరదేశపు చేప వచ్చినపుడు దాని పురుగును తోడువచ్చుట కలదు. ఆఫ్రికానుండి 1952లో భారతదేశమునకు తెచ్చిన తిలాపియా చేపను మనవారు జిలేబీ చేప యందురు. ఈ చేపల మొప్పలలో నుండు సిక్లిడోజైరస్ అను పురుగులు తమ చేపలతోపాటు అనేక దేశములకు ప్రయాణము చేసినవి. చేపకు ఓడ టిక్కెట్టు కొన్నవాడు పురుగునకు కొనలేదు. అయినను అది వచ్చినది.

7. ఎప్పుడు కీడు కలుగును?

సహజముగా పెద్ద చెఱువులలోని చేపలలో ఈ పురుగులు కొలదిగా నుండుట రోగము కాదు. చేప చచ్చినచో దానిపై బ్రదుకు పురుగును చచ్చును గనుక కొలదిపాటి కాపురమే దానికిని మేలు. హద్దు మీఱుటకు కారణము సాధారణముగా మనుష్యుడు కల్పించిన పరిస్థితియో, అనావృష్టియో అయియుండును.

బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు అను మూడు పెంపుడు చేపలును నదీప్రవాహమున గ్రుడ్లు పెట్టునవి. చెఱువుల నిలువనీటిలో సాధారణముగా పెట్టవు. కనుక పూర్వము నదులనుండి పిల్లలను పట్టి తెచ్చి చెఱువులలో విడిచెడివారు. 1957లో ఒడిశాయందు హీరాలాల్ చౌధురి యను శాస్త్రవేత్త చేప మెదడు క్రిందనుండు పీయూషగ్రంథి రసమును సూదిద్వారా ఎక్కించి ఈ చేపలచే గ్రుడ్లు పెట్టించుటలో జయము పొందెను. నాటినుండి పిల్లల ఉత్పత్తి విస్తరించినది. 1970ల చివరనుండి కొల్లేటి ప్రాంతమున చేపల చెఱువులు విస్తారముగా త్రవ్వబడి, ఆంధ్రప్రదేశ్ మంచినీటి చేపల పెంపకమున దేశమునకు అగ్రస్థానమున నిలిచినది. నేడు పిల్లలు ప్రాణవాయువు నింపిన ప్లాస్టికు సంచులలో దూరప్రాంతముల చెఱువులకు ప్రయాణము చేయుచున్నవి. ఒక నర్సరీ చెఱువులో పురుగు పట్టిన పిల్లలున్నచో అవి పోయిన ప్రతి చెఱువునకును పురుగు చేరును.

అట్లు చేరిన పురుగు నిండు చెఱువులో మెల్లగా నుండి, ఫాల్గుణ చైత్రములనుండి నీరు తగ్గి మడుగులు మాత్రమే మిగిలినపుడు విజృంభించును. ఒక చేపకు మఱియొక చేప దగ్గఱ యగును, నీరు వేడెక్కి గ్రుడ్లు త్వరగా పొదుగబడును, ప్రాణవాయువు తగ్గును. ఈ మూడు కారణములును ఒక్కసారిగా కూడును. అందును లేత పిల్లలకు అపాయ మధికము. పెద్ద చేప భరించు పురుగుల సంఖ్యను వ్రేలెడు పిల్ల భరింపజాలదు.

లక్షణములు ఇవి. చేప మేత మానును, గుంపునుండి విడిపోవును, నీటిపైకి వచ్చి నోరు తెఱచి ఊపిరికై తపించును, మొప్పమూతలు సగము తెఱచియుండును, దేహమును కట్టకో రాతికో రాచుకొనును. మొప్పలు ఎఱ్ఱదనము తగ్గి వెలవెలబోయి జిగురు పట్టియుండును.

అయితే నోరు తెఱచిన ప్రతి చేపకును పురుగు పట్టినదని తలపరాదు. తెల్లవాఱుజామున మాత్రమే చేపలన్నియు పైకి వచ్చి, ప్రొద్దెక్కిన పిమ్మట కోలుకొన్నచో అది ప్రాణవాయువు కొఱతయే. రాత్రి వేళ నీటిమొక్కలు ప్రాణవాయువును విడువవు, పీల్చుకొనును గనుక అట్లగును. చిన్న పెద్ద చేపలు, కప్పలు, రొయ్యలు అన్నియు ఒక్కసారిగా చచ్చినచో నీటిలో విషము చేరెనేమోయని విచారింపవలెను. ఒకే విధమైన చేపలు, అందును పిల్లలు, దినదినమునకు కొన్ని చొప్పున చచ్చుచు, మొప్పలు జిగురుగట్టియుండినచో అప్పుడు పురుగును అనుమానింపవలెను. నిశ్చయము మాత్రము సూక్ష్మదర్శినివలననే కలుగును. పుకారు పుట్టకమునుపే ఒక మొప్పను అద్దముక్రింద పెట్టి చూచుట ఊరి పెద్దల ధర్మము.

8. పరదేశముల పాఠములు

మధ్య ఆసియాయందలి ఆరల్ సముద్రమునకు 1930లలో కాస్పియన్ సముద్రమునుండి స్టర్జన్ జాతి చేప నొకదానిని తెచ్చిరి. దానితో నిచ్చియా యను మొప్పపురుగు వచ్చినది. కాస్పియన్ చేప ఆ పురుగునకు అలవాటుపడినది. ఆరల్ సముద్రపు స్టర్జను అలవాటుపడలేదు. 1936లో ఆ చేపలు గుంపులు గుంపులుగా చచ్చినవి.

రెండవ పాఠము నార్వే దేశమునది. బాల్టిక్ సముద్రప్రాంతపు సాల్మను చేపలపై నుండు గైరోడాక్టిలస్ సలారిస్ ఆ చేపలకు పెద్ద హాని చేయదు. 1970లలో పెంపకపు చేపలతోపాటు అది నార్వేకు చేరినది. అచ్చటి సాల్మనుకు దానిని తట్టుకొను శక్తి లేకపోయెను. క్రమముగా సుమారు 50 నదులకు అది వ్యాపించి, సాల్మను పిల్లలను నాశనము చేసినది. దానిని నిర్మూలించుటకు నార్వే ప్రభుత్వము అనేక నదులలో రోటెనోన్ అను మొక్కల వేరువిషమును కలిపి, నదిలోని చేపలనన్నిటిని చంపి, తరువాత పురుగు లేని సాల్మను పిల్లలను మరల విడువవలసి వచ్చెను. ఒక మిల్లీమీటరు పొడవైనను లేని ప్రాణిని వెడలగొట్టుటకు నదినే శూన్యము చేయవలసివచ్చినదన్నచో, మొదట రానీయకుండుట ఎంత సులభమో ఆలోచింపుడు.

9. చేయదగిన పనులు

మొదటిది: తెచ్చిన పిల్లలను తిన్నగా చెఱువులో విడువరాదు. లీటరు నీటికి 20 మొదలు 30 గ్రాముల ఉప్పు కలిపి, ఆ నీటిలో పిల్లలను కొలదినిమిషములు మాత్రముంచి తీయవలెను. పిల్లలు ఒరగిపోవుట గాని, కలవరపడుట గాని కనబడినచో వెంటనే మంచినీటికి మార్చవలెను. ఆ ఉప్పునీటిని చెఱువులో పారబోయరాదు. ఇది వంటింటి ఉప్పుతో జరుగు పని, ఖర్చు అత్యల్పము.

రెండవది: మందు ఏదైనను గ్రుడ్లపై చాలినంత పనిచేయదు. గట్టి పెంకు వానిని కాపాడును. కనుక ఒకసారి మందు వేసి పురుగులు చచ్చినవని తృప్తిపడినచో, కొలదిదినములకే గ్రుడ్లనుండి క్రొత్తతరము వెడలును. పిల్లలు వెడలిన పిమ్మట, అవి పెద్దవై గ్రుడ్లు పెట్టకమునుపే, రెండవసారి మందు వేయవలెను. ఏ మందు ఎంత యను విషయమున మత్స్యశాఖవారి సలహా లేక చేయరాదు. చెఱువు నీరు పశువులకును పైరులకును కావలసినది గదా.

మూడవది: చెఱువు పట్టగలిగినన్ని పిల్లలనే విడువవలెను. వేసవిలో నీరు తగ్గకమునుపే పెద్ద చేపలను పట్టి ఒత్తిడి తగ్గించవలెను.

నాలుగవది: చెఱువు పూర్తిగా ఎండినయేడు రైతునకు దుఃఖమే. అయినను అందొక మేలు కలదు. చేప లేనిదే ఈ పురుగు బ్రదుకదు. అడుగు బాగుగా ఎండి నెఱ్ఱెలు వాఱినచో గ్రుడ్లును నశించును. ఆ యేడు పూడికమట్టి తీసి పొలములకు తోలుకొన్నచో చెఱువునకును చేలకును కూడ లాభమే. పిమ్మట విడుచు పిల్లలు శుభ్రమైనవగుట మాత్రము చూచుకొనవలెను.

ఇట్టి చేపను తినవచ్చునా యని తల్లిదండ్రులు అడుగవచ్చును. ఈ తెగ పురుగులు మనుష్యుని దేహమున బ్రదుకజాలవు. మొప్పలను తీసివేసి, కడిగి, బాగుగా ఉడికించిన చేపవలన ఈ పురుగుచే హాని లేదు. తానై చచ్చి కుళ్లిన చేపను మాత్రము ఏ కారణముచే చచ్చినదైనను తినరాదు.

10. విద్యార్థులకు

ఈ పాఠము పుస్తకముతో ముగియునది కాదు. సంతలో గాని కట్టమీద గాని అప్పుడే పట్టిన చేప తలనొకదానిని సంపాదింపుడు. మొప్పమూత నెత్తి, ఒక మొప్పవంపును కత్తెరతో కత్తిరించి, గాజుపలకపై అదే చెఱువు నీటిబొట్టులో నుంచి, పోగులను సూదితో విడదీయుడు. సూక్ష్మదర్శినితో మొదట 50 రెట్లు, పిదప 100 రెట్లు పెద్దదిగా చేసి చూడుడు. సాగుచు ముడుచుకొనుచు కదలు తెల్లని ప్రాణి కనబడినచో కన్నుచుక్కలను లెక్కించుడు, తల తమ్మెలను లెక్కించుడు, కొక్కెముల బొమ్మ వ్రాయుడు. చేప చచ్చి చాలసేపైనచో పురుగులు చెడిపోవును గనుక ఆలస్యము కూడదు. పని ముగిసినంతనే చేతులు సబ్బుతో కడుగుకొనుడు.

తేది, చెఱువు పేరు, చేప పేరు, చేప పొడవు, ఒక మొప్పవంపులో కనబడిన పురుగుల సంఖ్య, ఆనాటి నీటి మట్టము — ఈ ఆఱును ఒక పుస్తకమున వ్రాసికొనుడు. ఏమియు కనబడనిచో సున్న వ్రాయుడు. సున్నయు ఒక లెక్కయే. జూనులో బడి తెఱచిననాటినుండి ఏప్రిలువఱకు నెలకొకసారి ఇట్లు చేసినచో, నీరు తగ్గుటకును పురుగులు పెరుగుటకును గల సంబంధము మీ చెఱువునందే మీకు కనబడును. అట్టి లెక్క పుస్తకము చేతనున్న యూరిలో చేపలు చచ్చిననాడు పుకారునకు తావుండదు. ఏ మందు వలయునో, ఎప్పుడు వలయునో అడుగుటకు ఆధారముండును.